ఆ పోస్టర్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో పాత సినిమా పోస్టర్ల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. బొమ్మలు చక్కగా అచ్చయ్యాయి. అటక మీద దుమ్ము పట్టిన కాగితం లక్షలు పలకవచ్చు అన్నది అందులోని సారాంశం. ఏ కథానాయకుడి పోస్టరుకు ఎంత గిరాకీ ఉందో కూరగాయల ధరల్లాగా ఒక పట్టిక కూడా ఇచ్చారు. మెచ్చుకోలు ఉత్తరాలు మీకు చాలానే వచ్చి ఉంటాయి. ఇది ఆ కోవలోది కాదు.

వ్యాసం వచ్చిన నాలుగో రోజున ఒక యువకుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నేను ఇలాంటి కాగితాలు పోగుచేస్తానని ఎవరో చెప్పారట. చంకలో కిటికీ రెక్కంత చెక్క ఉంది. ఊళ్లో తాతగారి పాత ఇల్లు పడగొడుతుంటే ధాన్యం గాదె వెనక ఒక పోస్టరు దొరికిందట. "ధర చెప్పండి సార్" అన్నాడు. చూశాను. మద్రాసు లిథో పని, అంటే చేత్తో గీసిన పలకలతో అచ్చువేసింది, 1960లలోది. రంగులు చెక్కుచెదరలేదు. అయితే మీ వ్యాసం చదివిన మర్నాడే అతను దాన్ని పటాలు కట్టే కొట్టుకు తీసుకెళ్లి, పైన మెరిసే ప్లాస్టిక్ పొర వేయించి, వెనక చెక్కకు జిగురుతో అతికించేశాడు. నేను అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. గోధుమరంగు చెక్క, గోడకు తగిలించడానికి ఒక కొక్కెం.

"వెనకాల ఏమైనా రాసి ఉండేదా బాబూ?" అని అడిగాను.

"ఏవో ఉర్దూ అక్షరాలు, ఒక ముద్ర, పెన్సిలుతో లెక్కలు ఉండేవి సార్. మురికిగా ఉంటే కొట్టతను తడిగుడ్డతో తుడిచేశాడు" అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. జరిగింది చెప్పాను. "మీరు చేసిందే కదా అతనూ చేశాడు" అంది. నిజమే. ఆ సంగతి తరువాత చెబుతాను.

నేను 1976లో నాంపల్లి స్టేషను పార్సిలాఫీసులో గుమాస్తాగా చేరాను. సినిమాలతో నా చుట్టరికం వెండితెర వైపు నుంచి కాదు, గోనెసంచుల వైపు నుంచి మొదలైంది. మద్రాసు బండిలోనూ బెజవాడ బండిలోనూ రీలు పెట్టెలు దిగేవి. వాటికి నాలుగైదు రోజుల ముందే పబ్లిసిటీ కట్ట దిగేది. కోరాగుడ్డలో చుట్టి, మీద గోనెపట్టా కుట్టి, నల్ల సిరాతో డిస్ట్రిబ్యూటరు పేరు రాసిన బరువైన కట్ట. అందులో వాల్‌పోస్టర్లు, లాబీలో అద్దాల పెట్టెలో పెట్టే స్టిల్ ఫోటోలు, విశ్రాంతి సమయంలో వేసే గాజు స్లైడ్లు, పాటల పుస్తకాలు ఉండేవి. పత్రికల ప్రకటనల కోసం చెక్క దిమ్మకు మేకులు కొట్టిన జింకు బ్లాకులు కూడా ఒక్కోసారి వచ్చేవి. రసీదు చూపించి కట్ట విడిపించుకోవడానికి టాకీసు మనిషి సైకిలు మీద వచ్చేవాడు. కట్ట చిరిగి ఉంటే అక్కడే విప్పి లెక్క చూసుకోవాలి. అలా లెక్క చూసుకునేటప్పుడు తడిసినదో నలిగినదో ఒక షీటు పక్కన పడేసేవాడు. పడేసిన దాన్ని నేను తీసుకునేవాడిని. నా సేకరణ అంతా మొదట ఆ పడేసిన షీట్లే.

షీటు అంటే 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉన్న కాగితం. అలాంటివి రెండు కలిస్తే 30 అంగుళాలు, 40 అంగుళాల పోస్టరు అవుతుంది. పెద్ద గోడలకు నాలుగు షీట్లు, ఆరు షీట్లు ముక్కలు ముక్కలుగా అచ్చువేసి, గోడ మీదే అంచులు కలిపి అతికించేవారు. అందుకే పాత కాగితాల కొట్లలో పూర్తి ముఖం దొరకడం కష్టం. నా దగ్గర ఒక ప్రసిద్ధ కథానాయిక ఎడమ కన్ను, సగం బొట్టు మాత్రమే ఉన్నాయి. కుడివైపు షీటు కోసం ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నాను. మీ పట్టిక ప్రకారం ఆ ఎడమ కంటి ధర ఎంతో నాకు బోధపడలేదు.

ఇక వెనకవైపు సంగతి. కట్ట రాగానే డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో ప్రతి షీటు వెనకా రబ్బరు ముద్ర వేసేవారు. దాన్ని బట్టి ఆ షీటు నైజాం ఏరియాకు, అంటే తెలంగాణ వైపుకు వచ్చిందా, సీడెడ్‌కు, అంటే రాయలసీమకు వెళ్లవలసింది దారి తప్పిందా అనేది తెలుస్తుంది. పక్కన పెన్సిలుతో టాకీసు పేరు, విడుదల తేదీ రాసేవారు. కొన్నిటి మీద అదే సినిమా రెండోసారి, మూడోసారి వచ్చినప్పటి తేదీలు కూడా కొట్టివేసి మళ్లీ రాసి ఉంటాయి. ఆ తరువాత కాగితం ఇళ్లకు చేరేది. అక్కడ బియ్యం లెక్క, చాకలి పద్దు, పిల్లవాడి ఎక్కాలు. నాకు దొరికిన ఒక పౌరాణిక చిత్రం పోస్టరు వెనక ఎవరో ఇల్లాలు పెళ్లి సరుకుల జాబితా రాసింది. పసుపు ఎంత, కుంకుమ ఎంత, వక్కలు ఎన్ని శేర్లు. చివరన "అప్పు" అని రాసి కింద రెండు గీతలు గీసింది. ముందువైపు కృష్ణుడు చిరునవ్వు నవ్వుతూ ఉంటాడు. ఈ రెండు వైపులూ కలిపి చూస్తేనే అది ఒక వస్తువు. ముందువైపు మాత్రమే కావాలనుకునేవారికి ఇప్పుడు కంప్యూటర్‌లో కావలసినన్ని బొమ్మలు దొరుకుతాయి. చెక్కకు అతికించిన కాగితం కన్నా అవే నయం, అవి దేన్నీ పాడుచేయవు.

ముందువైపు కూడా చూడవలసింది కథానాయకుణ్ణి మాత్రమే కాదు. అడుగున చీమ తలంత అక్షరాలలో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. అది గొప్ప కోసం వేసింది కాదు. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, స్థలం ఉండాలని 1867 నాటి చట్టం శాసించింది. తెల్లదొరలు తిరుగుబాటు కరపత్రాలకు భయపడి పెట్టిన నిబంధన వందేళ్ల తరువాత నాకు సినిమా కాగితాల జాతకం చెబుతోంది. ప్రెస్సు చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తరువాతిది. మద్రాసుకు బదులు చెన్నై అని ఉంటే 1996 తరువాతది. పాటల పుస్తకం మీద ధర అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది, "న.పై." అని ఉంటే ఆ తరువాతి ఏడేళ్ల లోపుది. నయాపైసల్లోని "నయా" 1964 జూన్‌లో పోయింది. 1950ల నాటి సినిమా అని చెప్పి మొన్న ఒకాయన నాకు అమ్మజూపిన పాటల పుస్తకం వెనక అట్ట మీద పిన్‌కోడ్ కనిపించింది. సినిమా ఆనాటిదే. పుస్తకం మాత్రం రెండో విడుదలకు వేసింది. ఆయనకు చూపించి చెబితే, "మీరు మరీ పోలీసులా చూస్తారండీ" అని కోపగించుకుని వెళ్లిపోయాడు.

హైదరాబాదు కాగితాలకు ఇంకో ప్రత్యేకత ఉంది. సంస్థానానికి సొంత నాణెం ఉన్న రోజుల్లో ఇక్కడ హాలీ రూపాయి, బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి రెండూ చలామణిలో ఉండేవి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. నా దగ్గర ఒక గులాబీరంగు కరపత్రం ఉంది. ఒకవైపు ఉర్దూ, రెండోవైపు తెలుగు. ఉర్దూ వైపు నేల టిక్కెట్టు ధర హాలీలో ఉంది. తెలుగు వైపు ధరే లేదు, "ఆడవారికి ప్రత్యేక పరదా ఏర్పాటు" అని ఉంది. ఒకే సినిమాను రెండు భాషలవారికి రెండు రకాలుగా ఎందుకు చెప్పారో ఆలోచిస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. ఈ కరపత్రం జుమ్మెరాత్ బజారులో ఒక పాత తాళాల బుట్ట అడుగున పరిచి ఉంటే దొరికింది. తాళాలవాడు కాగితానికి డబ్బు తీసుకోలేదు. అందుకని ఒక తాళం కొన్నాను. దానికి చెవి లేదు.

ఇలాంటి చిత్తు కాగితాలతో ఏమి తేలుతుంది అనేవారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. మన తొలి పూర్తి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం దశాబ్దాలపాటు చెప్పుకున్నాం, ఆ తేదీన పండుగ కూడా చేసుకున్నాం. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి సెన్సారు వివరాలు, పత్రికల ప్రకటనలు తిరగేసి అది తప్పని చూపించారు. సెన్సారు అయింది 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న. ఆ సినిమా ప్రింటు ఈనాడు మనకు లేదు. ఉన్నది కాగితమే. సినిమా కరిగిపోయినా దాని ప్రకటన బతికి ఉండి సాక్ష్యం చెప్పింది. ఇదే హైదరాబాదులో 1922లో బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి మూకీలు తీశారు. 1924లో నగరం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ మూకీలలో ఒక్క రీలూ మిగలలేదు. ఆ కంపెనీ కరపత్రం ఒకటి ఏ పాతబస్తీ ఇంట్లోనో అద్దం చట్రం వెనక అట్టగా ఉండి ఉంటుందని నా నమ్మకం. ముర్గీచౌక్‌లో పాత అద్దాలు కనిపించినప్పుడల్లా వెనక అట్ట చూపించమని బతిమాలుతాను. ఈ ముసలాయనకు అద్దంలో ముఖం చూసుకోవడం ఇష్టం లేదని అక్కడి దుకాణదారులు నవ్వుకుంటారు.

మీ వ్యాసంలో పాటల పుస్తకాలకు రెండు వాక్యాలే దక్కాయి. మా ఇంట్లో వాటి విభాగం మా ఆవిడది. పెళ్లినాటికే ఆవిడ దగ్గర అరవై దాకా ఉన్నాయి, కట్నంగా వచ్చిన వాటిలో నాకు నచ్చినవి అవే. టాకీసు గేటు దగ్గర కుర్రవాళ్లు పది పైసలకు, పదిహేను పైసలకు అమ్మేవారు. ఎనిమిది పేజీలో పన్నెండు పేజీలో ఉండేవి. ముందు నటీనటుల పేర్లు, తరువాత కథాసంగ్రహం. కథ సరిగ్గా చిక్కుముడి దగ్గరకు రాగానే "తరువాత ఏమి జరిగిందో వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. ఆ తరువాత పాటలు. అచ్చుతప్పులు కోకొల్లలు. మా ఆవిడ సినిమా చూసి వచ్చి, పాట వింటూ తప్పులన్నీ పెన్సిలుతో దిద్దేది. కొన్నిచోట్ల అచ్చయిన చరణం తెర మీద లేదు, ఎడిటింగులో పోయింది. ఆ చరణం పక్కన "రాలేదు" అని రాసింది. నలభై అయిదేళ్ల కిందటి ఆ "రాలేదు" అనే మాట లేకపోతే ఆ సినిమాలో ఒక చరణం కోత పడిందని ఈనాడు చెప్పేవారు ఎవరు? ఇటీవల ఒక కొనుగోలుదారుడు "గీతలు లేని ప్రతి ఉంటే రెట్టింపు ఇస్తాను" అన్నాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి పంపించేసింది.

ఇక నా నేరం. 1994లో నా దగ్గరున్న వాటిలో మేలైన నలభై పోస్టర్లు ఏరి, కోఠిలో ఒక కొట్టులో లామినేషన్ చేయించాను. అప్పట్లో అది గొప్ప శాస్త్రీయ పద్ధతి అనుకున్నాను. రెండు నెలల జీతం పోయింది. వేడికి అతుక్కునే ఆ పొర కాగితం పీచులోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదు. ఆ పోస్టర్ల కాగితం అసలే నాసిరకం. నెల రోజులు గోడ మీద ఉంటే చాలని చేసిన కాగితం. దానిలోని ఆమ్లం దాన్ని లోపలి నుంచే పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తుంది. ప్లాస్టిక్ లోపల బంధిస్తే ఆ తెగులు ఆగదు, కనిపించకుండా సాగుతుంది. అయినా పాతికేళ్లు అవి మెరుస్తూనే ఉన్నాయి, నేను మురుస్తూనే ఉన్నాను. 2020 అక్టోబరు వానలకు నల్లకుంటలో మా కింది గదిలోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. ప్లాస్టిక్‌లో ఉన్నవాటికి ఏమీ కాదన్న ధీమాతో వాటిని చివరికి వదిలి, విడి కాగితాలు ముందు మేడ మీదికి చేర్చాం. నీరు ప్లాస్టిక్ అంచుల నుంచి లోపలికి పాకింది. బయటికి వచ్చే దారి లేదు. వారం తిరిగేసరికి నల్లటి బూజు మొహాల మీదికి ఎగబాకింది. నలభైలో ముప్ఫై ఒకటి పోయాయి.

విడిగా తడిసినవి బతికాయి. మా ఆవిడ పాత నూలు చీరల మధ్య పరిచి, రోజుకు రెండుసార్లు చీరలు మార్చి, ఫ్యాను గాలికి ఆరబెట్టింది. చీరలు చాలక కొన్నిటిని దినపత్రికల మధ్య పెట్టాం. అది తెలివితక్కువ పని, తడికి సిరా అంటుకుంటుంది. ఆ విధంగా మీ పత్రిక కూడా నా సేకరణలో చేరింది. ఒక 1968 నాటి పోస్టరు వెనక మీ పత్రిక పేరు, తేదీ, ధర తిరగేసిన అక్షరాలతో అచ్చుపడి ఉన్నాయి. అద్దంలో చూస్తే చదవవచ్చు. దాన్ని చెరపలేదు. ఆ పోస్టరు 2020 వరదలో తడిసి బయటపడిందనడానికి అదే రుజువు.

కాబట్టి మీ వ్యాసం చదివి అటకలెక్కుతున్నవారికి నా అనుభవం కొంత చెప్పవలసి ఉంది. లామినేషన్ జోలికి పోవద్దు. చిరిగినచోట సెలోటేపు వేయవద్దు, పదేళ్లకు టేపు రాలిపోతుంది, దాని జిగురు మరక మాత్రం ఉండిపోతుంది. అతికించక తప్పకపోతే పలుచని చేతి కాగితం, గోధుమపిండి గంజి చాలు, తడిపితే ఊడి వస్తుంది. గోడలకు అతికించడానికి వాడిన మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు, కొన్నిటి వెనక ఆ నీలి జాడ ఇప్పటికీ ఉంటుంది, దాన్ని గోకవద్దు. కలరా ఉండలు కాగితానికి తగలకుండా మూటగట్టి మూలన పెట్టండి. మడతలు విప్పి పరిచి పెట్టండి, చోటు లేకపోతే లావుపాటి గొట్టానికి నూలుగుడ్డ చుట్టి దాని మీద చుట్టండి. అన్నిటికన్నా ముందు రెండు వైపులా ఫోనులో ఫోటో తీయండి. ఎక్కడ దొరికింది, ఎవరిది, ఎప్పుడు అన్నది మెత్తటి పెన్సిలుతో వెనక ఒక మూల రాయండి. పెన్నుతో రాయవద్దు.

దొంగసరుకు గురించి మీరు హెచ్చరించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. లక్షలు అన్న మాట వినపడ్డాక అది రాకుండా ఉంటుందా? కొత్తగా అచ్చువేసి, టీ డికాక్షన్‌లో ముంచి, ఎండబెట్టి, నాలుగు మడతలు పెట్టి తెస్తున్నారు. అలాంటిదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇరానీ హోటలులో కూర్చున్నట్టు ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే నేరుగా దొరికిపోతుంది. పాత లిథోలో ఒక్కో రంగుకు ఒక్కో పలక మీద చిత్రకారుడు చేత్తో గీసేవాడు. అందుకే రంగు ఇసుక చల్లినట్టు గరుకుగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. పలకలు కొంచెం పక్కకు జరిగితే కథానాయిక పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగేది. నకలు పోస్టరులో జల్లెడ కన్నాల్లా వరుస చుక్కలు కనిపిస్తాయి. నిజమే, తరువాతి కాలపు ఆఫ్‌సెట్ పోస్టర్లకూ చుక్కలు ఉంటాయి, కాబట్టి చుక్కలున్నదల్లా దొంగది అనుకోవద్దు. అప్పుడు మళ్లీ వెనక్కే తిప్పాలి. టీలో ముంచినవాడు ముద్ర వేయడం, ముప్ఫై ఏళ్ల పాలలెక్క రాయడం ఇంతవరకు నేర్చుకోలేదు. మీరు ఈ ఉత్తరం అచ్చువేస్తే నేర్చుకుంటాడేమో.

ఆ లిథో పలకల మీద గీసినవారి పేర్లు ఎక్కడా లేవు. డిజైను చేసినవారిలో కొందరి సంతకాలు మాత్రం మూలల్లో కనిపిస్తాయి. 1967లో బాపు తొలి చిత్రంతో మొదలుపెట్టి వందల సినిమాలకు పని చేసిన పాలకొల్లు ఈశ్వర్ గారి సంతకం చూడగానే గుర్తుపట్టవచ్చు. ఆయన 2021లో పోయారు. మీ పట్టికలో కథానాయకుల పేర్లకు ఒక వరుస ఉంది, ఈ సంతకాలకు లేదు. టాకీసుల ముందు గుడ్డ బ్యానర్లు రాసిన మన ఊరి పెయింటర్లకైతే సంతకం కూడా లేదు. నాకు తెలిసిన ఒకాయన నారాయణగూడ సందులో షెడ్డు వేసుకుని రాసేవాడు. స్టిల్ ఫోటో మీద చదరాలు గీసి, గుడ్డ మీద అవే చదరాలు పెద్దవిగా గీసి, ముఖం తాను వేసి, ఆకాశం, అక్షరాలు శిష్యులకు వదిలేసేవాడు. సినిమా వెళ్లిపోగానే అదే గుడ్డ మీద తెల్లరంగు కొట్టి ఇంకో ముఖం. మరీ పాతబడ్డాక వానాకాలంలో బండ్ల మీద కప్పడానికి అమ్మేసేవారు. ఫ్లెక్సీ వచ్చాక ఆయన లారీల వెనక "హారన్ ప్లీజ్" రాస్తూ బతికాడు. అతని చేతి ముఖం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఉన్న రోజుల్లో అది దాచుకునే వస్తువని నాకూ తోచలేదు.

పుణేలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అక్కడ పోస్టర్లు, పాటల పుస్తకాలు కూడా భద్రపరుస్తున్నారు. ముంబయిలో 2019లో భారతీయ సినిమా మ్యూజియం తెరిచారు. అదే సంవత్సరం డిసెంబరులో ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోస్‌లో సినిమా పరిరక్షణ మీద వారం రోజుల శిక్షణ జరిగింది. యౌవనంలో బొంబాయి వీధుల్లో సినిమా హోర్డింగులు రాసిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ మన బంజారాహిల్స్‌లో "సినిమా ఘర్" కట్టారు, అదీ ఇప్పుడు లేదు. నాకు డెబ్బై ఒకటి దాటింది. పిల్లలు దూరదేశంలో ఉన్నారు, వాళ్లకు ఈ పెట్టెల బరువు తప్ప లోపలి సంగతి తెలియదు. ఈ ఊళ్లోనే ఉంచాలని మూడు సంస్థలను అడిగాను. ఒకచోట "పుస్తకాలయితే తీసుకుంటాం, పోస్టర్లకు చోటు లేదు" అన్నారు. రెండోచోట పెద్ద హీరోలవి ఏరి ఇవ్వమన్నారు. మూడోచోట మర్యాదగా కూర్చోబెట్టి, అన్నీ ఫోటో తీసి అసలు కాగితాలు తిరిగి ఇచ్చేస్తామన్నారు. వెనకవైపు కూడా తీస్తారా అని అడిగితే ఆ అధికారి నన్ను వింతగా చూశాడు.

మిమ్మల్ని కోరేది రెండే. ఇకముందు ఇలాంటి వ్యాసం వేస్తే ధరల పట్టిక బదులు ఒక్క పోస్టరు రెండు వైపులా అచ్చువేయండి. మీ కార్యాలయంలో పాత సంపుటాలు బైండు చేసి ఉంటాయి కదా, వాటిలోని సినిమా ప్రకటనల పేజీలు, మా ఊళ్లో ఏ టాకీసులో ఏ రోజు ఏ ఆట అన్న ఆ చిన్న గళ్ల పేజీలు, చదువుకునేవారికి వారానికి ఒక పూటయినా తెరిచి ఉంచండి. అక్కడ కూర్చునే మొదటి మనిషిని నేనే అవుతాను, మధ్యాహ్నం టిఫినుడబ్బా నేనే తెచ్చుకుంటాను.

చివరగా ఒక విచారణ. నా దగ్గర 1970ల మొదట్లోని పోస్టరు ఒకటి ఉంది. సినిమా ఆడలేదు, నటీనటులు ఎవరికీ గుర్తులేరు, మీ పట్టికలో దానికి చోటు దొరకదు. వెనక పోస్టర్లు అతికించే మనిషి నీలం పెన్సిలుతో రాసుకున్న లెక్క ఉంది. కాచిగూడ చౌరస్తా 4, స్టేషను రోడ్డు 3, బర్కత్‌పుర 2, నింబోలిఅడ్డ 3, సుల్తాన్‌బజార్ 4, చాదర్‌ఘాట్ వంతెన 2, నల్లకుంట 2, ఫీవరాస్పత్రి గోడ 2. దాని కింద గీత గీసి, తెచ్చినవి 25, అతికించినవి 22, మిగిలినవి 3 అని వేశాడు. నా దగ్గరున్నది ఆ మూడింటిలో ఒకటి. నీలం పెన్సిలు రాత ఉన్న పోస్టరు మీ పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా కనిపిస్తే మీ పత్రిక ద్వారా నాకు తెలియజేయగలరు. కొనను, అడగను. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే పార్సిల్ గుమాస్తా,
నల్లకుంట, హైదరాబాదు.